బ్రిటా మంచుబండి

టూ హార్బర్స్,
ఆగస్టు 26, 1991

మార్నీకి,

ఫోను చేస్తే నువ్వు తీయడం లేదు. తప్పు పట్టడం లేదమ్మా. నీ చోట నేనుంటే ఆ ఫోను తీగతో సహా పీకి సరస్సులో పారేసేదాన్ని. అందుకే ఉత్తరం. చదవాలనిపించకపోతే పక్కన పడెయ్యి, ఇది మోగదు.

ఒక్క సంగతి అడగడానికే రాస్తున్నాను. ఏటా ఎండలు తగ్గే వేళకి బ్రిటాని పిలిచి, "ఈసారి హాలోవీన్‌కి ఏమవుతావే?" అని అడుగుతాను కదా. పిల్లలు వేషాలతో ఇంటింటికీ తిరిగి మిఠాయిలు అడిగే ఆ పండక్కి, పుట్టిన ఏడాది దానికి బఠానీకాయ వేషం. నడక వచ్చిన ఏడాది లూన్ పక్షి. ఆ ముక్కు ఊడిపోయిందని వీధి వీధంతా ఏడ్చింది, గుర్తుందా? నిరుడు మా ఊరి లైట్‌హౌస్, నెత్తిన టార్చిలైటుతో సహా. కొట్లో కొన్న వేషం దాని ఒంటిని ఏనాడూ తాకలేదు. ఈసారి అడగాలా మానాలా అని వారం నుంచి వంటింట్లో తిరుగుతున్నాను. చివరికి అడగడమే మేలనిపించింది.

దాని కాళ్లు కదలవని మరిచిపోయి అడగడం లేదు. ఫిబ్రవరిలో ఆ రోడ్డు మీద జరిగింది నా కళ్ల ముందు నుంచి పోలేదు. నువ్వూ కర్టిస్ విడిపోయారు, సంతకాలయ్యాయి. నువ్విప్పుడు నా కొడుక్కి భార్యవి కావు, తెలుసు. కానీ నేను బ్రిటాకి నానమ్మని కాదని చెప్పే కాగితమైతే నాకేదీ రాలేదు.

అక్షరాలు వంకరగా ఉన్నాయని ఏమీ అనుకోకు. ఒళ్లో పెట్టుకుని రాస్తున్నాను.

ఆర్డిస్


సెయింట్ పాల్,
సెప్టెంబరు 4

శ్రీమతి హాల్వర్సన్ గారికి,

మీ ఉత్తరం అందింది.

ఈ ఏడు వేషం అక్కర్లేదు. బ్రిటా వద్దంది. బయటికి వెళితే జనం ముందు కుర్చీని చూస్తారు, ఆ తర్వాత దాన్ని చూస్తారు, ఆ తర్వాత నన్ను చూసి తల పక్కకి వంచి జాలిగా నవ్వుతారు. దానికి తోడు వేషం కూడా వేసి ఊరేగించే ఓపిక నాకు లేదు. దయచేసి ఏమీ కుట్టి పంపకండి.

మీ మీద నాకు కోపం లేదు. మీ అబ్బాయి గురించి మాత్రం ఏమీ రాయకండి. ఇంకొకడి డ్యూటీ కూడా తనే చేసి, రాత్రీ పగలూ లారీతో రోడ్ల మీద మంచు తోసి, కన్ను మూయకుండా ఇంటికొచ్చిన మనిషి. "బ్రిటాని స్కూలుకి నేను తీసుకెళ్తాను, నువ్వు పడుకో" అని ఎంత చెప్పినా వినకుండా కారు తాళాలు తీసుకున్నాడు. స్టీరింగు ముందు కునికాడు. చెట్టుకి గుద్దుకున్నాక అతనికి మోచేతి దగ్గర గీసుకుపోయింది, అంతే. నేను ఇంతకంటే ఏమీ చెప్పలేను.

బ్రిటాకి వ్యాయామం చేయించే ఆస్పత్రి ఇక్కడికి దగ్గరే. అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు ఉంది. కిందింటి వాంగ్ వాళ్లమ్మాయి మాయ్ అప్పుడప్పుడూ ఆడుకోవడానికి వస్తుంది. సామాన్లు ఇంకా పెట్టెల్లోనే ఉన్నాయి. కిటికీకి దుప్పటి కట్టాను. బాగానే ఉన్నాం.

మార్నీ


టూ హార్బర్స్,
సెప్టెంబరు 9

మార్నీ,

'శ్రీమతి హాల్వర్సన్' అని చూడగానే మా అత్తగారు వచ్చారేమోనని వెనక్కి తిరిగి చూశాను. ఆవిడ పోయి ఇరవయ్యేళ్లయినా నాకింకా ఆ భయం పోలేదు. నన్ను ఆర్డిస్ అను. ఏమీ అనకుండా నేరుగా తిట్టడం మొదలుపెట్టినా సరే.

వేషం మాట ఎత్తను. కానీ కిటికీకి దుప్పటా? అమ్మాయ్, అది నేను ఊరుకునే విషయం కాదు.

ఈ పార్సెల్‌లో పసుపు గళ్ల బట్ట ఉంది. దానితోపాటు చుట్టగా ఒక జిగురు పట్టీ పంపుతున్నాను. సూదీ దారం అక్కర్లేదు. బట్ట అంచు రెండు వేళ్ల వెడల్పున మడిచి, మడతలో పట్టీ పెట్టి, పైన తడిగుడ్డ వేసి ఇస్త్రీపెట్టె ఆనించు. రుద్దకు, ఊరికే అదిమి పట్టు. ఎత్తేసరికి కుట్టినట్టే అతుక్కుంటుంది. పై అంచున కాస్త వెడల్పుగా మడిచావంటే కడ్డీ దూరడానికి గొట్టం తయారవుతుంది.

మిగిలిన ముక్కలతో బ్రిటా చేత గుమ్మడికాయలు చేయించు. టాయిలెట్ పేపరు చుట్ట ఒకటి తీసుకుని, చుట్టూ దూది పరిచి, ఆ బట్ట ముక్కలో మూట కట్టి, కొసలన్నీ పైనున్న కన్నంలోకి దోపెయ్యాలి. కాడకి దాల్చినచెక్క గుచ్చితే సరి. చూసినవాళ్లు లోపల ఏముందో చచ్చినా కనిపెట్టలేరు. మా చర్చిలో పాస్టరు గారి బల్ల మీద మూడు పెట్టాం, ఆయన ఎంత మురిసిపోయాడో! ఎవరూ చెప్పలేదు.

ఆర్డిస్


సెయింట్ పాల్,
సెప్టెంబరు 20

ఆర్డిస్ గారికి,

కర్టెన్లు కట్టాను. ఎడమది కుడిదానికంటే జానెడు పొడుగు. బ్రిటా చూసి, "అమ్మా, ఆ కర్టెన్ కుంటుతోంది" అంది. అన్నాక తనే నోరు మూసుకుని నా మొహం చూసింది. నేను నవ్వాను. అది కూడా నవ్వింది. ఈ ఇంట్లోకి వచ్చాక మేమిద్దరం ఒకేసారి నవ్వడం అదే మొదలు. అందుకని దాన్ని అలాగే ఉంచేశాను. పొద్దున ఎండ పసుపుగా గదంతా పడుతోంది.

గుమ్మడికాయలు పదకొండయ్యాయి. బాత్రూంలో ఇప్పుడు ఒక్క చుట్ట కూడా లేదు. మాయ్ వాళ్లమ్మగారు కూడా వచ్చి చేశారు. ఆవిడకి ఇంగ్లీషు అంతంత మాత్రం, నాకు వాళ్ల హ్మాంగ్ భాష ఒక్క ముక్క రాదు. అయినా నేను దోపిన కొసలు చూసి ఆవిడ ఏమన్నారో నాకు బాగానే అర్థమైంది.

మీకు ఒక అబద్ధం రాశాను. బ్రిటా వేషం వద్దనలేదు. వద్దన్నది నేనే. మీ మొదటి ఉత్తరం రాకముందే అది నన్ను అడిగింది, "అమ్మా, నేను మంచు తోసే లారీ అవుతాను" అని. ఎందుకే అంటే, "నాకు చక్రాలు ఉన్నాయి కదా, మాయ్‌కి లేవుగా" అంది. మళ్లీ చిన్న గొంతుతో, "నాన్న బండి లాంటిది" అంది.

నేను వద్దన్నాను. ఎందుకో చెప్పలేదు. అది ఎందుకని అడగనూ లేదు. కుర్చీ తిప్పుకుని గదిలోకి వెళ్లిపోయింది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. అది గొడవ చేసినా బాగుండేది.

ఏం చెయ్యమంటారు?

మార్నీ

తా.క. అన్నట్టు, మీరు జిగురు జోలికి ఎప్పటినుంచి వెళ్లారు? నా పెళ్లిగౌనుకి పూసలు అంటిద్దామంటే, "అంటించేది కవరుకి, బట్టకి కాదు" అని నన్ను తిట్టి రెండు వారాలు కూర్చుని కుట్టారు.


టూ హార్బర్స్,
సెప్టెంబరు 24

మార్నీ తల్లీ,

చెయ్యమంటాను. లారీయే చెయ్యమంటాను.

అది అడిగింది నీ కోపాన్ని చెరపమని కాదు. దానికి చక్రాలున్నాయి, దాని ఊళ్లో చక్రాలున్న వాటన్నిటిలోకీ గొప్పది అదే. లారీ వస్తే పెద్ద కార్లు కూడా పక్కకి తప్పుకుంటాయి. ఎనిమిదేళ్ల పిల్ల, ఇంతకాలం అందరూ దాన్ని జాగ్రత్తగా పక్కకి జరుపుతుంటే, ఒక్క సాయంత్రం తను అందరినీ పక్కకి జరపాలనుకుంటోంది. నేనైతే అంతే అనుకుంటున్నాను. నాన్న మాట కూడా ఉందంటావా, ఉండొచ్చు. అది నీ దగ్గర దాచుకోకుండా చెప్పింది కదా.

కుర్చీ కొలతలన్నీ రాసి పంపు. చక్రానికీ చక్రానికీ మధ్య ఎంత, కాళ్లు పెట్టుకునే పలక నేలకి ఎంత ఎత్తు, చేతులు ఎక్కడ ఆనతాయి, అన్నీ. ముక్కలు ఇక్కడ కోయించి బస్సులో పంపుతాను. అతికించడం నీ వంతు. జిగురు కరిగించి పోసే గ్లూ గన్ కూడా పెడతాను. దాని మూతి ముట్టుకోకు, అది నిప్పు.

జిగురంటావా, కాలం మారింది. నేనూ మారకూడదా ఏం?

ఆర్డిస్


సెయింట్ పాల్,
అక్టోబరు 10

ఆర్డిస్ హాల్వర్సన్ గారికి,

పెట్టె నిన్న వచ్చింది.

బ్రిటా చూస్తుండగానే విప్పాను, అదే నేను చేసిన తప్పు. ముందు ఒంటరిగా చూసి ఉంటే ఆ పెట్టె ఈపాటికి తిరుగు బస్సులో ఉండేది. ఫ్రిజ్ అట్టపెట్టెని కోసి, నారింజ రంగు ప్లాస్టిక్ గుడ్డ చుట్టి, అంచులన్నీ వెండి టేపుతో కప్పిన క్యాబిన్. కిటికీలు, తలుపు మీద నెంబరు. అన్నీ కుర్చీకి అచ్చు గుద్దినట్టు సరిపోయాయి. మంచు తోయడానికి ముందుండే రేకు కూడా.

ఆ రేకు సూటిగా లేదు. కుడివైపుకి వాలి ఉంది. తోసిన మంచు రోడ్డు పక్కకి పోవాలంటే అలాగే ఉండాలి. లోపల పలుచటి చెక్క పెట్టి, కింది అంచుకి రబ్బరు పట్టీ వేశారు. ఇది కుట్టుపని చేసే మనిషి ఊహించే సంగతి కాదు. ఆ లారీ నడిపినవాడికే తెలిసే సంగతి.

ఇంకోటి. మీ ఉత్తరాలన్నీ వరసగా పెట్టి చూశాను. ఇది మీ చేతిరాత కాదు. ఒళ్లో పెట్టుకుని రాసినా, పడవలో కూర్చుని రాసినా, మీ రాత ఇలా ఉండదు.

నా వెనక ఏం జరుగుతోంది? నేను నమ్మి కొలతలు పంపింది మీకు. నిజం రాయండి, లేకపోతే అసలు రాయకండి.

బ్రిటా దాంట్లోంచి దిగనంటోంది. రాత్రి అన్నం కూడా క్యాబిన్ కిటికీలోంచే తింది.

మార్నీ


టూ హార్బర్స్,
అక్టోబరు 14

మార్నీ,

నిజమే రాస్తున్నాను.

ఏప్రిల్‌లో ఒక పొద్దున కాఫీ కప్పు చేతిలోంచి జారింది. వంగి తుడవబోతే చెయ్యి కూడా నాది కానట్టు వేలాడింది. కుడి చెయ్యి, భుజం దగ్గర్నుంచి. పక్షవాతం అన్నారు. మాట వెంటనే వచ్చేసింది. అదే పోయుంటే బాగుండేదని ఊళ్లో సగం మంది అనుకుని ఉంటారు. చెయ్యి మాత్రం రాలేదు. ఇప్పుడు రాసేది ఎడమ చేత్తో. సూదిలో దారం ఎక్కించడానికి ఒక పూటంతా కూర్చున్నాను, కాలేదు. కుట్టు మిషను మీద గుడ్డ కప్పేసి, అరవై దాటాక జిగురు నేర్చుకున్నాను. జిగురుకి ఒక్క చెయ్యి చాలు.

నీకు ఎందుకు చెప్పలేదంటే, అప్పటికి బ్రిటా ఆస్పత్రిలో ఉంది. నీకు ఇంకో రోగి ఎందుకని ఊరుకున్నాను. తర్వాత చెప్పే వేళ దాటిపోయింది.

అప్పటినుంచి కర్టిస్ నా దగ్గరే ఉంటున్నాడు. నా బొత్తాలు పెడతాడు, జుట్టు దువ్వి వెనక పిన్నులు గుచ్చుతాడు. చర్చిలో నా తలంత వంకర తల ఇంకొకటి లేదు. లారీ ఎక్కడం మానేశాడు. కారు కూడా ముట్టుకోడు. ఆ లారీలు నిలిపే యార్డుకి నడిచి వెళ్లి రేకులు బాగుచేసి, ఇసుక ఎత్తి, నడిచి వస్తాడు. నడపమని పై అధికారి అడిగితే తాళంచెవి ఆయన బల్ల మీద పెట్టి బయటికొచ్చేశాడట.

నీ కొలతల కాగితం వచ్చిన రోజున గ్యారేజీలోకి వెళ్లాడు. ఆ వారమంతా అన్నానికి పిలిస్తే తప్ప బయటికి రాలేదు. "నేను చేశానని చెప్పకమ్మా, తెలిస్తే ముట్టుకోనివ్వదు" అన్నాడు. నేను సరేనన్నాను. అలా అనడం నీకు అన్యాయమే.

వాణ్ని క్షమించమని అడగను. అడిగే హక్కు నాకు లేదు, నేనే పూర్తిగా క్షమించానో లేదో నాకే తెలియదు. లారీ నచ్చకపోతే ముక్కలు చేసి పారెయ్యి. నేనేమీ అనుకోను.

ఆర్డిస్


సెయింట్ పాల్,
అక్టోబరు 18

అత్తయ్యా,

చెయ్యి పడిపోతే చెప్పరా? నాకు కోపం లారీ గురించి కాదు, దీని గురించే. ఏప్రిల్ నుంచీ! ఒక్క చేత్తో మూట కట్టి నాకు కర్టెన్ బట్ట పంపారా? ఇక్కడ మాకు వ్యాయామం చేయించే ఆవిడని అడిగాను. స్పాంజి పిసకడం, గుడ్డ పిండడం రోజూ చెయ్యాలట, నెలలు గడిచాక కూడా కొంత వస్తుందట. బొమ్మలతో సహా కాగితం ఇచ్చింది, ఇందులో పెట్టాను. చెయ్యకపోతే ఊరుకోను.

లారీ ఉంచుతున్నాను. అతని గురించి ఇంకేమీ రాయడం లేదు, ఇప్పటికి ఇంతే.

హెడ్‌లైట్లు నేనే చేశాను. రెండు రేకు పళ్లేలు, మధ్యలో పసుపు రంగు ఫెల్టు గుడ్డ ముక్క. గ్లూ గన్ మూతి ముట్టుకోవద్దన్నారు కదా, ముట్టుకున్నాను. వేలికి బొబ్బ లేచింది. బ్రిటా అంది, "అమ్మా, లారీవాళ్లకి దెబ్బలు మామూలే."

మార్నీ


సెయింట్ పాల్,
నవంబరు 2

అత్తయ్యా,

మంచు ఇంకా పడుతూనే ఉంది. టపా ఎప్పుడు కదులుతుందో తెలియదు, అయినా ఇప్పుడే రాస్తున్నాను. ఆగితే రాయలేనేమో.

హాలోవీన్ నాడు మధ్యాహ్నం నుంచే మొదలైందని మీకు చెప్పక్కర్లేదు. బడి నుంచి వచ్చేసరికి మెట్లు కనబడటం లేదు. పిల్లలంతా కింద హాల్లో చేరి ఏడుపు మొహాలు పెట్టారు. మాయ్ సీతాకోకచిలక వేషం వేసింది, రెక్కల మీద లావుపాటి కోటు తొడిగేసరికి బట్టల మూట అయింది. "ఇంక వెళ్లినట్టే!" అని కూలబడింది.

బ్రిటా లిఫ్టులోంచి వచ్చింది. క్యాబిన్ కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏడవకండి. నా వెనక వరసగా రండి. దారి నేను చేస్తా" అంది.

"అది అట్టముక్క కదే!" అన్నాడో పిల్లాడు.

"నీది దుప్పటి కాదా? నువ్వు దెయ్యమంటే మేం నమ్మలేదూ?" అంది బ్రిటా.

బయల్దేరాం. చీకటి పడకముందే వచ్చెయ్యాలని నా షరతు. వీధిలో నాలుగిళ్లు, అంతే. ముందు లారీ, దాన్ని తోస్తూ నేను, వెనక నా అడుగుల్లో అడుగులేస్తూ పిల్లలు. రేకు నిజంగానే తోసింది అత్తయ్యా! గట్టి మంచు కాదు, అప్పుడే పడిన పొడి మంచు, అది కుడివైపుకి పొర్లి పక్కకి పడుతోంది. పిల్లలు కేకలు. ఎదురుగా ఎవరో తాతగారు కుక్కతో వస్తూ లారీని చూసి పక్కకి తప్పుకుని, టోపీ తీశాడు. బ్రిటా హారన్ కొట్టింది, అంటే నోటితో.

మొదటి ఇంటాయన తలుపు తీసి, "ఏం వేషం తల్లీ ఇది?" అన్నాడు.

"వేషం కాదండీ, డ్యూటీ!"

"అలాగా! అయితే మా వాకిలి కూడా తోసెయ్. రెండు చాక్లెట్లు ఎక్కువిస్తా."

తోసింది. ఎవరూ తల పక్కకి వంచి నవ్వలేదు. వంచే తీరిక ఎవరికీ దొరకలేదు.

ఆ ఇంటి దగ్గర్నుంచి తిరిగొచ్చేటప్పుడు జరిగింది. ఆయన వాకిలి వీధి వైపుకి వాలుగా ఉంటుంది. మంచు కింద గడ్డకట్టిన నీళ్లున్నాయి. నా కాలు జారింది. మోకాళ్ల మీద పడ్డాను. పట్టు వదలకూడదని తెలుసు, వదలకూడదనే అనుకున్నాను, అయినా పిడులు నా చేతుల్లోంచి జారిపోయాయి. కుర్చీ నన్ను వదిలి వీధిలోకి వెళ్తోంది. అటువైపు నుంచి కారు వస్తోంది, దాని దీపాలు మంచులో కనబడుతున్నాయి.

వీధి అంచున పేరుకున్న మంచు గుట్టలోకి రేకు దిగబడి కుర్చీ ఆగింది. కారు వెళ్లిపోయింది. ఆ కారాయన మమ్మల్ని చూసి చెయ్యి ఊపాడు కూడా.

బ్రిటా వెనక్కి తిరిగి, "అమ్మా! బ్రేకు చూశావా!" అంది. అదంతా ఆటలో భాగమనుకుంది.

నేను ఆ మంచులోనే కూర్చుండిపోయాను. మాయ్ వచ్చి నా మోకాళ్లు దులిపింది. నేను ముందు రాత్రి బాగా నిద్రపోయాను అత్తయ్యా. కళ్లు తెరుచుకునే ఉన్నాయి. జాగ్రత్తగానే ఉన్నాను. దాన్ని ప్రాణంగా చూసుకునే మనిషినే. అయినా జారింది.

అతను చేసిందీ నాకు జరిగిందీ ఒకటే అనడం లేదు. నిద్ర లేకుండా కారెక్కింది అతనే, వద్దన్నా విననిది అతనే. కానీ ఇన్నాళ్లూ నేను అనుకున్నది వేరు. ప్రేమ ఉంటే చెయ్యి జారదని అనుకున్నాను. జారితే ప్రేమ లేనట్టేనని అనుకున్నాను.

ఇంటికొచ్చాక బ్రిటా, "నాన్నకి చెప్పాలి, రేకు పనిచేసిందని" అంది. ఫోను నంబరు నేనే నొక్కి రిసీవరు దాని చేతికిచ్చి వంటింట్లోకి వెళ్లిపోయాను. ఏం మాట్లాడుకున్నారో వినలేదు. మీరు విని ఉంటే రాయండి.

మార్నీ


టూ హార్బర్స్,
నవంబరు 6

మార్నీ బంగారం,

దారులు ఈరోజే తెరిచారు. మా కిటికీలు సగం దాకా మూసుకుపోయాయి. పక్కింటివాళ్ల కారు ఎక్కడుందో వాళ్లకే తెలియక చీపురు కర్రతో పొడిచి వెతుకుతున్నారు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నువ్వు ఆ మంచులో కూర్చున్నప్పుడు నేను పక్కన లేనే అనిపించింది. దాని గురించి ఇంకేమీ రాయలేను.

ఫోను సంగతి రాస్తాను. నేను బల్ల దగ్గరే ఉన్నాను కాబట్టి అంతా విన్నాను. బ్రిటా గొంతు అంత దూరం నుంచి కూడా గదంతా వినిపిస్తుంది.

వాడు తీసి "హలో" అన్నాడు. "నాన్నా" అని వినబడగానే గోడకి ఆనుకుని నిలబడ్డాడు. కాసేపు అదే మాట్లాడింది. రేకు పనిచేసిందట, మంచు కుడివైపే పోయిందట, ఒకచోట గుట్టలో ఇరుక్కుందట.

"ఇరుక్కుంటే మీరేం చేస్తారు?" అంది.

"కొంచెం వెనక్కి తీసుకుని, మళ్లీ నెమ్మదిగా వెళ్తాం."

"అక్కడ కూడా పడుతోందా?"

"బాగా పడుతోంది."

"మరి నువ్వింట్లో ఉన్నావేంటి?"

వాడు నావైపు చూశాడు. నేనేం సాయం చేస్తాను?

"నేనిప్పుడు లారీ నడపడం లేదమ్మా."

"మరి ఎవరు తోస్తారు?" అంది బ్రిటా. తప్పు పట్టినట్టు కాదు, తెలుసుకుందామనే అడిగింది. తర్వాత చాక్లెట్ల లెక్క చెప్పి పెట్టేసింది.

వాడు ఫోను పెట్టి బల్ల దగ్గర కూర్చున్నాడు. నేను సూపు పోశాను, ముట్టుకోలేదు. ఆ సాయంత్రమే యార్డు నుంచి ఒకాయన ఫోను చేశాడు, డ్రైవర్లు చాలడం లేదు, సరస్సు ఒడ్డు వెంట రోడ్డు మూసుకుపోతోంది, కర్టిస్ ఏమైనా ఒప్పుకుంటాడా అని. నేను రిసీవరు గుండెకి ఆనించుకుని వాణ్ని అడిగాను. లేచి కోటు వేసుకున్నాడు. గుమ్మం దగ్గర బూట్లు కట్టుకోవడానికే బోలెడు సేపు పట్టింది, వేళ్లకి ముడి పడటం లేదు. నా వేళ్లూ అంతే కదా, ఇద్దరం కలిసి ఒక ముడి వేశాం.

తన పూట అయిపోగానే ఇంటికొచ్చాడు. "ఇంకో పూట ఉండమన్నారమ్మా. కుదరదు, నిద్రపోయి వస్తానని చెప్పాను" అన్నాడు. చెప్పినట్టే సోఫా మీద పడుకున్నాడు. బూట్లతోనే పడుకున్నాడు. లేచి తిని మళ్లీ వెళ్లాడు. మంచు ఆగేదాకా అలాగే నడిపాడు.

నీ స్పాంజి పిసుకుతున్నాను. నిన్న చిటికెన వేలు కదిలింది. ఇది కదిలాక మిగతా నాలుగూ ఎన్నాళ్లు మొండికేస్తాయో చూస్తాను.

ఆర్డిస్


సెయింట్ పాల్,
నవంబరు 25

అత్తయ్యా,

కర్టిస్‌ని ఆదివారం రమ్మని పిలిచానని మీకు తెలుసు. బస్సెక్కించింది మీరే. కానీ ఇక్కడ ఏం జరిగిందో అతను మీకు చెప్పి ఉండడు. చెప్పినా "బాగానే ఉన్నారు" అని ఊరుకుని ఉంటాడు. అందుకని నేను రాస్తున్నాను.

తలుపు తీసేసరికి టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. చిక్కిపోయాడు. లోపలికి రమ్మన్నాక కూడా చాప మీదే నిలబడి, "బూట్లు తడిగా ఉన్నాయి" అన్నాడు. "విప్పితే సరిపోతుందిలే" అన్నాను.

బ్రిటా దబాయించి ఇల్లంతా తిప్పి చూపించింది. గుమ్మడికాయలు, కుంటే కర్టెన్, తలుపు మీద మాయ్ వాళ్లమ్మగారు అతికించి పెట్టిన రంగు బట్టల పూలు. లారీ చూపించలేకపోయింది. మంచులో తడిసి దాని అట్ట మెత్తబడిపోయింది, వారం కిందట నేనే చెత్తలో వేశాను. అది చెబితే అతను, "నిజం లారీలు కూడా అంతేనే, చలికాలం అయ్యేసరికి సగం పోతాయి" అన్నాడు.

నేను మాంసం, బంగాళాదుంపలు కలిపి హాట్‌డిష్ పొయ్యిలో పెట్టాను. కింద లాండ్రీ గదిలో బట్టలు ఆరబెట్టినవి తెచ్చుకోవాలి. బ్రిటా, "నేనూ నాన్నా వెళ్తాం" అంది. బుట్ట ఒళ్లో పెట్టుకుంది. "నాన్నా, తోయి" అంది.

అతను చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

"అమ్మ తోస్తుందిలే. అమ్మకి అలవాటు కదా."

"అమ్మకి పొయ్యి దగ్గర పనుంది."

"అయితే కాసేపు ఆగుదాం."

"నాన్నా," అంది బ్రిటా, "ఇది కుర్చీ. దీనికి ఇంజను లేదు. నువ్వు ఎంత వేగంగా నడిస్తే అంతే పోతుంది."

అతను దాని వైపు చూడలేదు. నా వైపు చూశాడు. అత్తయ్యా, ఆ చూపు నేను మీకు రాయలేను. గిన్నె పట్టుకునే గుడ్డ బల్ల మీద పెట్టి, వెళ్లి బయటి తలుపు తెరిచి పట్టుకున్నాను.

పిడుల మీద చేతులు వేశాడు. మొదటి అడుగుకి చాలాసేపు పట్టింది. తర్వాత నడిచాడు. ఎంత నెమ్మదిగా అంటే, ఎదురింటి ముసలావిడ చేతికర్రతో వాళ్లని దాటి వెళ్లింది. "నాన్నా, ఇలాగైతే బట్టలు మళ్లీ మాసిపోతాయి" అని బ్రిటా అనడం వినిపించింది. లిఫ్టు దాకా వెళ్లారు. కిందికి వెళ్లారు. నేను గుమ్మంలోనే నిలబడ్డాను.

బట్టలతో తిరిగొచ్చారు. ఇంట్లోకి రాబోతుంటే బ్రిటా, "ఇంకోసారి, ఈ నడవ చివరి దాకా" అంది. బుట్ట నాకిచ్చి మళ్లీ వెళ్లారు. ఈసారి కొంచెం మామూలుగా నడిచాడు. చివర కిటికీ దగ్గర తిప్పి, ఇటు వచ్చి, నా ముందు నుంచే మళ్లీ అటు తిప్పాడు. అడగనే లేదు, తనే తిప్పాడు. వాళ్లిద్దరూ ఏదో మాట్లాడుకుంటున్నారు. రోడ్ల గురించో, మీ తల దువ్వడం గురించో, నాకు తెలియదు. బ్రిటా రెండుసార్లు గట్టిగా నవ్వింది.

పొయ్యి గంట ఎప్పుడో మోగింది. భోజనానికి పిలవాలి. నేను పొయ్యి ఆపి, వచ్చి, గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాను. పిలవలేదు. హాట్‌డిష్ చల్లారిపోయింది. తర్వాత వేడి చేసుకుని ముగ్గురం తిన్నాం.

మార్నీ